బాయి తొవ్వకు దీపం

సోలార్ ప్లేటు కింద రెండు ఇటుకలు పెడితే వాలు చాలలేదు. మూడోది పెట్టి, కదలకుండా పక్కకు ఒక రాయి జరిపి, సుమిత్ర నాలుగడుగులు వెనక్కి వచ్చి చూసింది. ఇప్పటికి బాగానే ఉంది. కాని పొద్దు వాలేసరికి పక్కింటి నీళ్ళ ట్యాంకు నీడ జరుగుతూ వచ్చి సరిగ్గా దీని మీదే పడుతుంది. ఆమె ఇటుకలన్నీ తీసి, మిద్దె తూర్పు మూలకు మోసుకెళ్ళి, మళ్ళీ మొదటి నుంచి పేర్చింది.

"దేవుణ్ణి నిలబెట్టినట్టు నిలబెడ్తున్నవ్ గద బిడ్డా," అన్నాడు మల్లయ్య. కోడలు పని చేస్తున్నంతసేపూ ఆయన పైమెట్టు మీద కూర్చుని, ఆరిపోయిన చుట్టను నోట్లోంచి తీయకుండా చూస్తున్నాడు.

"దీనికి ఎండ తప్పితే మనిషికి బువ్వ తప్పినట్టే మామా."

"మరి పాతదేం జేస్తవ్?"

"వంటింట్ల రేడియోకు పనికొస్తది."

పాతది జామెట్రీ పెట్టెంత ఉంటుంది. పైన అరచేయంత నల్ల అద్దం, లోపల పెన్సిల్ సెల్లులు పెట్టే గాడులు. భర్త వెంకటేశం ఒక ఏడు హైదరాబాదు నుమాయిష్‌లో కొనుక్కొచ్చాడు. రోజంతా ఎండలో పెట్టి ఆ సెల్లులు టార్చిలో వేస్తే వెలుగు కోళ్ళ గూడు దాకా వెళ్ళి అక్కడ అలిసిపోయేది. ఆ వెలుగుతోనే మల్లయ్య ఇన్నాళ్ళూ రాత్రిళ్ళు బోరు దగ్గరికి పోయి వస్తున్నాడు. పొలానికి కరెంటు ఇచ్చేది రాత్రి వంతులోనే. మోటరును దానంతటదే నడిపే ఆటో స్టార్టరు పెడితే పోయిన ఏడు మోటరే కాలిపోయింది. వరి పాలు పోసుకుంటున్నది, ఒక్క తడి తప్పినా తాలే మిగులుతుంది. బోరుకు పోయే తొవ్వ ఎండిపోయిన పాత బాయిని ఒరుసుకుంటూ పోతుంది. ఆ బాయి ఒడ్డు రాళ్ళు ఎప్పుడో కూలిపోయాయి. చీకట్లో తొవ్వ ఎక్కడ ఆగుతుందో, బాయి ఎక్కడ మొదలవుతుందో కాలికే తెలియాలి.

ఆయన ఒకసారి అక్కడ మోకాలి మీద పడి లేచి వచ్చాక, సుమిత్ర పటాన్‌చెరు పోయి పాత సామాన్ల దుకాణంలో ఈ ప్లేటు వెదికింది. చట్రం వంగింది కాని అద్దం పగలలేదు. ఆరు వోల్టుల మూసిన బ్యాటరీ, పెద్ద గాజు ముఖమున్న చేతిదీపం, ముల్లు తిరిగే పాత మీటరు రేడియోలు బాగుచేసే యాదన్న దగ్గర తీసుకుంది. సంగారెడ్డి కాలేజీలో చదివిన ఫిజిక్సు వంటింటి డబ్బాల వెనక ఎక్కడో ఉండిపోయిందనుకుంది కాని, అడుగుతుంటే ఒక్కొక్కటే గుర్తుకొచ్చింది. ధనియపు గింజంత డయోడు ఒకటి మరిచిపోకుండా అడిగింది. అది లేకపోతే పగలు ప్లేటు నుంచి బ్యాటరీలోకి వచ్చిన కరెంటు రాత్రికి వచ్చిన దారినే వెనక్కి కారిపోతుంది.

కరెంటు లేదు. అరువు తెచ్చిన సోల్డరింగ్ కడ్డీ కొనను గ్యాసు పొయ్యి మీదే కాల్చి, ఊపిరి బిగబట్టి డయోడు కాళ్ళు అతికించింది. తీగ చివర్లకు ఎర్ర క్లిప్పు ఒకటి, నల్ల క్లిప్పు ఒకటి. తీగను కిటికీలోంచి నడిమింట్లోకి దించి, బ్యాటరీ ఉన్న దీపాన్ని గూట్లో పెట్టింది. దుమ్ము పడకుండా పాత చీర కొంగుతో దానికొక ముసుగు కుట్టింది.

సాయంత్రం వాకిట్లో దీపం వెలిగిస్తే వెలుతురు కళ్ళం దాటి, కంచె దాటి, తాటిచెట్టు మొదలు మీద తెల్లగా నిలబడింది.

"నా తల్లే!" అన్నది దేవమ్మ, సుమిత్ర అత్త. రెండు చేతులూ చెంపలకు తాకించుకుంది.

"పటేలా, ఇగ పాములు నీకు దండం బెట్టి తొవ్వ ఇస్తయ్," అన్నాడు పొలం పనికి వచ్చే ఐలన్న. "జెర నా దిక్కు తిప్పకుండ్రి, కల్లు తాగొచ్చింది నా ముసల్దానికి కనవడ్తది."

అందరూ నవ్వారు. వెంకటేశం బూట్ల లేసులు కట్టుకుంటూ తల ఎత్తలేదు. అతనిది మందుల ఫ్యాక్టరీలో టాంకర్ల గేటు దగ్గర పని. ఈ వారం రాత్రి షిఫ్టు. కాంట్రాక్టు కింద పడి ఉన్నవాణ్ణి పండుగ దాటితే పర్మినెంటు చేయిస్తానని షిఫ్టు ఇన్‌చార్జి కామేశ్వరరావు చెప్పాడట. ఆ మాట చెప్పినప్పటి నుంచి అతను ఇంట్లో తక్కువ మాట్లాడుతున్నాడు. ఆశ పెట్టుకున్న మనిషి అట్లాగే ఉంటాడని సుమిత్ర అనుకుంది.

"గింత వెలుగెందుకు?" అన్నాడు చివరికి. "తొవ్వ కనవడితె చాలు గద. ఊరంత కనవడాల్నా?"

"కనవడితె నీదేం బోయింది?" అంది దేవమ్మ.

"నాదేం బోలే. నాయినా, నువ్వసలు రాత్రిపూట పోకు. ఐలన్న పోతడు."

"నా మడికి నీళ్ళు గట్టనీకి నాకు మందినెందుకు బెడ్తవ్‌రా," అని మల్లయ్య దీపం ఆర్పి, పసిబిడ్డను తీసుకున్నట్టు చంకన పెట్టుకున్నాడు.

తెల్లారి మల్లయ్య పొలం నుంచి తిరిగొచ్చేసరికి వెంకటేశం కూడా షిఫ్టు దిగి వచ్చి తొట్టి దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నాడు.

"దీపం మంచిగనే ఉన్నదా మామా?" అని సుమిత్ర చాయ గ్లాసు ఇచ్చింది.

"దీపం బంగారమే బిడ్డా. గనీ..." ఆయన చాయను గ్లాసులోనే తిప్పుతూ కూర్చున్నాడు. "పొలం కొసకు ఒక బండి నిలబడ్డది. లారీ అసుంటిది. ఎనక గుండ్రంగ, టాంకి లెక్కనున్నది. దీపం అటు దిప్పిన. అంతే, లైట్లు గూడ ఏసుకోకుండ ఎనకకే జరుక్కుంట పోయింది."

తొట్టిలో ముంచిన చెంబు నీళ్ళలోనే ఆగింది.

"ఇసుక లారీ అయ్యుంటది," అన్నాడు వెంకటేశం.

"ఇసుక లారీ గుండ్రంగుంటదారా?"

"చీకట్ల అన్నీ గుండ్రంగనే కనవడ్తయ్." చెంబు పైకి తీసి పాదాల మీద పోసుకున్నాడు. పోసిన పాదం మీదే మళ్ళీ పోసుకున్నాడు.

సుమిత్ర చూసింది కాని ఆ రోజు ఆయుధపూజ. పొయ్యి మీద పప్పు పొంగుతున్నది. దేవమ్మ తెల్లవారుజామునే తల స్నానం చేసి, పసుపు గిన్నె పట్టుకుని ఇల్లంతా తిరగడం మొదలుపెట్టింది. కొడవళ్ళు, పార, గొడ్డలి, నాగలి, కొడుకు సైకిలు, కోడలి కుట్టు మిషను. దేన్నీ వదలలేదు. ఏడాది పొడుగునా అన్నం పెట్టేవాటికి ఒక్కరోజు దండం పెట్టకపోతే ఎట్లా అని ఆమె మాట. మధ్యలో ఒకసారి మెట్లెక్కి మిద్దె మీదికి పోయింది. ఆరబెట్టిన మిరపకాయలు తిరగేయడానికి అనుకుంది సుమిత్ర. పిండివంటల సందడిలో తను పైకి పోనే లేదు. పొద్దు గూకగానే గూట్లోంచి దీపం తీసి మల్లయ్యకు ఇచ్చింది. మీటరు పెట్టి చూడలేదు. తర్వాత ఆ ఒక్క పని గురించే ఆమె తనను తాను తిట్టుకుంది.

దసరా పొద్దున మల్లయ్య వచ్చినప్పుడు ఒక కాలికే చెప్పు ఉంది. పంచె మోకాలి దాకా మట్టి. అరచేయి దోక్కుపోయి ఉంది.

"అయ్యో, ఏమాయె!" అని దేవమ్మ ఎదురు పరుగెత్తింది.

"ఏం గాలే. నడుమ తొవ్వల దీపం ఎర్రగయ్యింది, ఆరింది. బాయి కాడ కాలు జారింది. తంగేడు మొద్దు చేతికి దొరికింది, లేకుంటే..." ఆయన అరుగు మీద కూర్చున్నాడు. ఎవరినో అడుగుతున్నట్టు అన్నాడు: "చెప్పు బాయిల వడ్డది. రాయి మీద వడ్డ సప్పుడు రాలేదు. సల్లల ముద్ద వడ్డట్టు వచ్చింది. ఎండిన బాయిల నీళ్ళెట్ల వచ్చినయ్?"

నీళ్ళ మాట సుమిత్ర చెవిన పడింది కాని తలకెక్కలేదు. దీపం ఎందుకు ఆరిందన్న ఒక్క ప్రశ్నతో ఆమె మెట్లెక్కింది. మిద్దె మీద ప్లేటు ఎండలో మెరుస్తున్నది. కింది అంచు పొడవునా గడపకు పూసినట్టు మందంగా పసుపు. దాని మీద వరసగా కుంకుమ బొట్లు. పైన చామంతి పూల దండ ఒకటి, వాడి అద్దానికి అతుక్కుని ఉంది.

ఆమె కిందికి దిగి, గొంతు తగ్గించే మాట్లాడింది.

"అత్తమ్మా, ప్లేటుకు పసుపు నువ్వు పూసినవా?"

"పూసిన. ఏం, దానికి పండుగ లేదా?"

"పూస్తే చట్రానికి పూయాలె. అద్దానికి కాదు. దాంట్ల ముక్కలన్నీ ఒకదాని ఎనక ఒకటి ఉంటయ్. నల్లా కాడ ఆడోళ్ళు వరుసగ నిలబడి బిందెలు అందిచ్చుకుంటరు గద, నడుమ ఒక్కామె చేతులు కట్టుకుని నిలబడితె కొసకు బిందె వస్తదా? ఒక్క వరుస కప్పితె మొత్తం ఆగుతది."

"అంటే నా పసుపు వల్లనే పడ్డడంటవా మీ మామ?" అంది దేవమ్మ. "అయిదోతనం కోసం పూసిన పసుపే నా మొగుణ్ణి బాయిల దోసిందంటవా?"

"గట్ల అనలే అత్తమ్మా."

"అన్నవ్. సదువుకున్నోళ్ళు అనకుండనే అంటరు."

లోపల మంచం మీద పడుకున్న వెంకటేశం గోడవైపు తిరిగే అన్నాడు: "నేను మొదలే చెప్పిన. ఇగ చాలు ఈ ప్రయోగాలు. నాయిన ఇంటిపట్టున ఉంటె అందరికీ మంచిది."

సుమిత్ర మళ్ళీ మెట్లెక్కింది. తడి గుడ్డతో ప్లేటు తుడిచింది. మూలల్లో ఎండిన పసుపును చీపురు పుల్లతో గీకింది. క్లిప్పుల మధ్య మీటరు పెడితే, నిద్రలోంచి లేచినట్టు ముల్లు కదిలి నిలబడింది. తప్పు దొరికింది, సరిచేసింది. అయినా ఆమెకు మనసు కుదుటపడలేదు.

దేవమ్మకు మాత్రం ఆ నీళ్ళ మాట పట్టుకుంది. కొడుకు పుట్టకముందు తను నీళ్ళు తోడిన బాయి అది. బోరు వేశాక ఎండిపోయింది. వానలు అంతంత మాత్రంగా ఉన్న ఏడు, అందునా నవమి రాత్రి, దాంట్లో ఊట పడిందంటే భవానమ్మ దయ తప్ప మరేమిటి?

"ఇస్మాయిల్‌ఖాన్‌పేట గుడికి పోయి మొక్కుదామనుకున్న. అమ్మనే మన బాయిలకు వచ్చింది," అని పళ్ళెంలో పసుపు, కుంకుమ, కొబ్బరికాయ పెట్టుకుని బయల్దేరింది. ఇందాకటి మాటకు ప్రాయశ్చిత్తంగా సుమిత్ర బిందె పట్టుకుని వెంట నడిచింది. మల్లయ్య తన కొడుకువి పాత చెప్పులు తొడుక్కున్నాడు. పొలంలో ఉన్న ఐలన్న తాడు, బొక్కెన తెచ్చాడు.

బాయి దగ్గరికి చేరకముందే గొంతులో ఏదో గీరినట్టయింది. కుళ్ళు వాసన కాదు. గోడలకు సున్నం వేసిన గదిలో తలుపులు మూసి కూర్చున్నట్టు, దాని వెనక ఆస్పత్రి మందుల లాంటిదేదో. బాయి పక్క గడ్డి పసుపుగా మాడి ఉంది. వాన లేకపోయినా నేల మీద బురద, బురదలో జోడు టైర్ల గాడులు లోతుగా. గాడులు పొలం కొస నుంచి తిన్నగా ఒడ్డు దాకా వచ్చి ఆగాయి. ఎక్కడా తడబడలేదు. వంకర తిరగలేదు.

"పటేలా, నా మేక మొన్న నోట్ల నురగ కక్కి సచ్చింది ఈడ్నే," అన్నాడు ఐలన్న. నవ్వులాట మనిషి నవ్వలేదు. "పాము గరిచిందనుకున్న."

బొక్కెన లోపలికి వదిలాడు. తాడు సగం కూడా జారకముందే అది నీళ్ళను తాకింది. పైకి లాగితే నీళ్ళు చాయ డికాషను రంగులో ఉన్నాయి. బొక్కెనలో మల్లయ్య చెప్పు తేలుతున్నది. తోలు ఉబ్బి, కుట్లు వదిలి, ఉడకబెట్టినట్టు మెత్తగా విడిపోయి ఉంది.

మల్లయ్య చేయి చాపి, వెనక్కి తీసుకున్నాడు. దేవమ్మ మాత్రం బిందెలోకి ఆ నీళ్ళు ఒంపించుకుని, కళ్ళు మూసుకుని పిడికెడు పసుపు వేసింది.

పసుపు పడ్డచోట నీళ్ళు ఎర్రబడ్డాయి. ఎరుపు పాయలు పాయలుగా దిగి, చూస్తుండగానే బిందెంతా పరుచుకుంది.

"అమ్మా! తల్లీ!" దేవమ్మ బిందెకు దండం పెట్టింది. "రక్తం జూపెట్టినవా తల్లీ!" అని చేయి ముంచి ఆ నీళ్ళు కళ్ళకు అద్దుకోబోయింది.

సుమిత్ర ఆమె మణికట్టు పట్టుకుంది. ఎంత గట్టిగా పట్టుకుందంటే దేవమ్మ కోపంగా చూసింది.

"అత్తమ్మా, కాళ్ళకు పారాణి ఎట్ల కలుపుతం?"

"ఏందే?"

"పసుపుల సున్నం వేస్తే ఏమైతది?"

దేవమ్మ ముంచిన చేతి వేళ్ళు ఒకదానికొకటి రాసుకుని చూసుకుంది. సబ్బు పూసినట్టు జారుతున్నాయి. "మంట," అంది చిన్నగా.

సుమిత్ర ఆమెను బోరు దగ్గరికి తీసుకుపోయింది. బకెట్లో పట్టి ఉంచిన నీళ్ళతో ఆ చేతిని కడిగింది, మళ్ళీ కడిగింది, జారుడు పోయేదాకా కడిగింది. దేవమ్మ చిన్నపిల్లలా చేయి చాపి నిలబడింది. బోరు నీళ్ళు పారే కాలువలో అక్కడక్కడా అప్పటికే నురగ కట్టి ఉండడం ఇద్దరూ చూశారు.

"బోరుకు గూడ దిగుతున్నది," అన్నాడు మల్లయ్య వెనక నుంచి. ఆయన చేతిలో వరి కంకి ఉంది. నలిపితే పాలు రాలేదు. "దీంట్ల ఇట్లనే పోస్తే ఇగ ఈ భూమి మనది గాదు. నా మన్మడు గిన పుడితె ఆనికి గూడ గాదు."

"ఎవలు పోస్తున్నరు పటేలా? ఏ కంపెనీ?"

"ఏ కంపెనీ అయితేంది? లంజకొడుకులు, కోడలు ముంగటున్నదని నోరు మూసుకుంటున్న గనీ." ఆయన టైర్ల గాడుల వెంట కొంత దూరం నడిచి వెనక్కి వచ్చాడు. "గిది అడుగు ఐలన్నా. కొత్తోడు రాత్రిపూట, లైట్లేసుకోకుండ, ఈ గెట్ల నడుమ నుంచి ఇంత సక్కగ బాయి కాడికి ఎట్లొస్తడు? ముందల ఎవడో నడుస్తెనే వస్తడు. ఎరుకున్నోడు."

సుమిత్ర బిందెలోని ఎర్ర నీళ్ళను నేల మీద ఒంపడానికి భయపడి, తిరిగి బాయిలోనే ఒంపింది.

"ఇయ్యాల పట్టుకుంట," అన్నాడు మల్లయ్య. "పండుగ రాత్రి ఊరంత తాగి పంటదని తప్పకుండ వస్తరు. గీ తంగేడు ఎనక కూసుంట. బండి ఎనకకు రాంగనే నా కోడలి దీపం మొఖాల మీద ఏస్త. మొఖాలు కనవడాలె నాకు. నంబరు గాదు, మొఖాలు."

ఇంటికొచ్చాక దేవమ్మ జరిగినదంతా కొడుకుకు చెప్పింది. చేయి చూపించింది. వెంకటేశం మంచం మీద లేచి కూర్చుని తల్లి చేతిని చాలాసేపు పట్టుకుని చూశాడు. వేళ్ళ కొనల దగ్గర తోలు ఎర్రగా కందింది.

"ముట్టుకోనెందుకు పోయినవే అమ్మా," అన్నాడు. "ఎవలు ముట్టుకొమ్మన్నరు?"

"మీ నాయిన ఇయ్యాల ఆళ్ళ సంగతి సూస్తనంటున్నడు."

"వద్దు. ఆళ్ళు మంచోళ్ళు గాదు. బండి ఎనకకు దీస్తుంటే మనిషున్నది గూడ సూడరు." కొంచెం ఆగి, "దీపమే లేకుంటే నాయిన ఎట్ల పోతడు?" అన్నాడు. ఎవరితోనో కాదు, తనతోనే అన్నట్టు.

అన్నాలయ్యాక సుమిత్ర మీటరు పెట్టి చూసింది. ముల్లు ఆరు దాటి ఉంది. పొద్దు గూకేదాకా ఇంకా ఎండ తాగితే రాత్రికి చాలు. ముసుగు సరిచేసి, ఎర్ర క్లిప్పు ఎర్ర చుక్క మీద, నల్ల క్లిప్పు నల్ల చుక్క మీద ఉన్నాయని మరోసారి వేలితో తాకి చూసుకుంది. మల్లయ్య చావడి దగ్గరికి పోయాడు. అత్తాకోడళ్ళు గుడికి పోయారు. ఇంట్లో రాత్రి షిఫ్టు మనిషి ఒక్కడే నిద్రపోతున్నాడు.

గుడిలో కొబ్బరికాయ కొట్టేటప్పుడు సుమిత్రకు టైర్ల గాడులే కనిపించాయి. గ్రాసం కోసం వంగి మేసుకుంటూ వచ్చిన గొడ్డు అడుగుల్లా లేవవి. రోజూ వచ్చే మనిషి నడకలా ఉన్నాయి. పాత వాసన ఒకటి గుర్తుకొచ్చింది. గొంతులో గీరే ఆ సున్నపు గది వాసన, ఆమె ఇంతకు ముందు ఎక్కడో ఎరుగును. ఎక్కడ? అత్త చేయి పట్టుకుని ఇంటి దాకా నడిచినా గుర్తుకు రాలేదు.

గేటు తీస్తుంటే లోపల టిక్కుమని చిన్న చప్పుడైంది. బల్లి అనుకుంది.

పొద్దు గూకుతున్నది. వెంకటేశం గోడవైపు తిరిగి పడుకునే ఉన్నాడు. దండెం మీద అతని రాత్రి షిఫ్టు చొక్కా వేలాడుతున్నది. దాన్ని తప్పించుకుని గూటి దగ్గరికి పోయేటప్పుడు ఆ వాసన ఆమె ముఖానికి తగిలింది. సున్నపు గది. దాని వెనక ఆస్పత్రి. ఇన్ని రోజులూ తను నానబెట్టి, ఉతికి, ఆరేసిన వాసన.

ముసుగు తీసి దీపాన్ని దాని గాజు ముఖం కింద చేయి వేసి ఎత్తింది. గాజు వెచ్చగా ఉంది.

ఎండ ఈ గూట్లోకి రాదు. ఇప్పటిదాకా వెలిగితే తప్ప దీపానికి వేడి ఉండదు. బ్యాటరీ వైపు చూసింది. క్లిప్పులు రెండూ ఉన్నాయి. కాని ఎర్రది నలుపు మీద, నల్లది ఎరుపు మీద. తెలియని చేయి తీసి, తొందరలో మళ్ళీ పెట్టిన తీరు అది. మీటరు అవసరం లేదు. అయినా అలవాటుగా పెట్టింది. ముల్లు కొంచెం లేచి, పడుకుంది.

"ఏం జేస్తున్నవ్?" అన్నాడు వెంకటేశం. నిద్రలోంచి లేచిన గొంతు కాదది.

"దీపం తీస్తున్న."

అతను లేచి చొక్కా తొడుక్కున్నాడు. గుండీలు ఒకటి తప్పించి పెట్టుకుని, విప్పి, మళ్ళీ పెట్టుకున్నాడు. ఆమె అతని వీపు చూస్తూ ఉంది. తండ్రిని చంపాలని చేయలేదు. ఇంట్లో ఆపాలని చేశాడు. ఆ సంగతి ఆమెకు అర్థమైంది. దీపం లేకపోయినా ఆగని మనిషి ఆయన అని అతనికి అర్థం కాలేదు.

వాకిట్లో మల్లయ్య గొంతు వినిపించింది. రుమాల్లో జమ్మి ఆకు మూట కట్టుకుని వచ్చాడు. దేవమ్మకు ఇచ్చాడు, కోడలికి ఇచ్చాడు. వెంకటేశం బయటికి వచ్చి ఆకు తీసుకుని తండ్రి చేతిలో పెట్టి, వంగి కాళ్ళు మొక్కాడు. ఆయన వీపు మీద చేయి వేసి, "బంగారం లెక్క ఉండు బిడ్డా," అన్నాడు. తర్వాత కోడలివైపు తిరిగాడు. "ఏదమ్మా నా దీపం?"

చెప్పడానికి ఎన్ని మాటలున్నాయో అన్నీ ఆమె నాలుక మీదికి వచ్చాయి. బ్యాటరీ పోయిందనవచ్చు. ఎండ చాలలేదనవచ్చు. ఎవరి మీదికీ పోని తప్పులు చాలా ఉన్నాయి. ఆమె దీపాన్ని ఆయన రెండు చేతుల్లో గాజువైపు ఆనేలా పెట్టింది.

"పట్టుకోండ్రి మామా."

"ఏంది బిడ్డా, వెచ్చగున్నది?"

"అవును మామా. వెచ్చగున్నది."

ఆయన స్విచ్చు నొక్కాడు. బల్బు లోపలి తీగ బీడీ కొనంత ఎర్రబడి, నల్లబడింది.

"మళ్ళ నా పసుపేనా?" దేవమ్మ కంగారుగా గుంజ పట్టుకుంది.

"కాదత్తమ్మా. ఈసారి నీ పసుపు కాదు."

వెంకటేశం అరుగు మీద కూర్చుని బూట్ల లేసులు కడుతున్నాడు. కట్టిన ముడి విప్పి మళ్ళీ కడుతున్నాడు. మల్లయ్య దీపాన్ని చెంపకు ఆనించుకుని చూశాడు, పిల్లవాడికి జ్వరముందేమోనని చూసినట్టు. ఇంట్లో పగలంతా ఎవరున్నారో ఆయన అడగలేదు. చాలాసేపు కొడుకు చేతులవైపే చూశాడు. తర్వాత దీపం కోడలికి తిరిగి ఇచ్చాడు.

"లే బిడ్డా," అన్నాడు కొడుకుతో.

"నాకు షిఫ్టుంది నాయినా."

"షిఫ్టుకే పోదాం. నీ షిఫ్టు యాడ్నో నేను గూడ ఆడికే వస్త."

"నాయినా, వద్దు. నీకు తెల్వది ఆళ్ళు..."

"దీపం లేదు గదా. చీకట్ల ఆ తొవ్వ నాకంటె నీకే ఎక్కువ ఎరుక." ఆయన గొంతులో కోపం లేదు, అదే సుమిత్రకు భయం వేసింది. "ముంగట నడువు. నీ బుజం పట్టుకుని వస్త. బాయి ఒడ్డుకు ఇద్దరం కూసుందాం. బండి వచ్చినంక ఏం చెప్పాల్నో ఆళ్ళకు నువ్వే చెప్పు."

సుమిత్ర వంటింట్లోకి పరుగెత్తి రేడియోలోని పెన్సిల్ సెల్లులు తీసి పాత టార్చిలో వేసింది. తెచ్చి ఇవ్వబోతే మల్లయ్య తల అడ్డంగా ఊపాడు.

"వద్దు బిడ్డా. దీపం జూస్తే ఆళ్ళు రారు."

వెంకటేశం లేచాడు. ఒకసారి ఆమెవైపు చూశాడు. ఆ చూపులో తిట్టు లేదు, వేడుకోలు లేదు. లోతు తెలియని నీళ్ళలో దిగేవాడు గట్టు మీది మనిషిని చూసినట్టు చూశాడు. తర్వాత గేటు తీసి ముందు నడిచాడు. మల్లయ్య జమ్మి ఆకును రుమాలులో దోపుకుని, కొడుకు భుజం మీద చేయి వేసి, కొడుకు చెప్పులే ఈడ్చుకుంటూ వెనక నడిచాడు. కళ్ళం దాటేదాకా ఇద్దరూ కనిపించారు. తాటిచెట్టు దగ్గరికి వచ్చేసరికి ఒక్క మనిషిలా ఉన్నారు. ఆ తర్వాత కనిపించలేదు.

"యాడికి పోతున్నరే వాళ్ళు?" అంది దేవమ్మ. "బువ్వ గూడ తినకుండ?"

సుమిత్ర గేటు దాకా పోయి చెవి పెట్టింది. హైవే వైపు నుంచి బరువు బండి ఒకటి గేరు మార్చిన చప్పుడు వినిపించింది. కొంచెంసేపటికి అది మట్టి దారి మీదికి దిగింది. లైట్లు ఎక్కడా కనిపించలేదు. ఆమె చేతిలో గాజు ఇంకా పూర్తిగా చల్లారలేదు.